చంద్రమోహన్ నెట్టు దొంగను పట్టుకున్న రోజు

ఆయుధ పూజ నాడు పొద్దున చంద్రమోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, కాఫీ తాగాలి, బెంగుళూరు అంగడికి చీరల డిజైన్లు మెయిల్లో పంపాలి, ఆ తర్వాత తీరిగ్గా మగ్గాలకు పూజ చేసుకోవాలి. ఇందులో ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి చోటెక్కడుందని పరాయివాళ్ళు అడగవచ్చు. ధర్మవరంలో ఆయన వీధివాళ్ళు మాత్రం అడగరు. చంద్రమోహన్ కోపానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, కాఫీ కాస్త చల్లారితే చాలు.

అయితే ఆ రోజు కారణం పెద్దదే. బెంగుళూరులో ఒక పట్టు అంగడి యజమాని కార్తీక మాసం పెళ్ళిళ్ళకు చీరలు నేయించాలనుకుని, ధర్మవరంలో ఇద్దరు ముగ్గురిని డిజైన్లు పంపమన్నాడు. ఆయుధ పూజ నాడు పదకొండుకు అంగట్లో పూజ మొదలవుతుందనీ, ఆలోపు వచ్చినవాటిలోంచి ఒకటి ఎంచుకుంటాననీ, తర్వాత కంప్యూటరు ముట్టననీ ముందే చెప్పేశాడు. ఆ ఏడు వానల్లేక వేరుశనగ పైరు చేలల్లోనే మాడిపోయింది. చుట్టుపక్కల పట్టుచీర కొనే మొహం కనబడడం లేదు. ఈ బేరం కుదిరితే చంద్రమోహన్ మగ్గాలు ఆడతాయి. కుదరకపోతే పండగ మర్నాడే నేతగాళ్ళను పని చూసుకోమని చెప్పాలి. ఆ సంగతి పూజ కోసం తలస్నానాలు చేసి వచ్చి వాకిట్లో కూర్చున్న నేతగాళ్ళకూ తెలుసు.

చంద్రమోహన్ వరండాలో లాప్‌టాప్ తెరిచాడు. ఇళ్ళల్లోకి వైఫై అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. రూటరు వెనక గదిలో చీరల బీరువా మీద ఉంటుంది. అయినా నెట్టు వరండాలో, అదీ పక్కింటి గోడకు ఆనుకుని కూర్చుంటే, బ్రహ్మాండంగా వస్తుంది. మధ్యలో ఇన్ని గోడలు దాటుకుని వస్తోందంటే తన రూటరు ఎంత గట్టిదో చూడమని ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. ఆ గట్టి రూటరు ఆ పొద్దున మెయిలును గడప దాటనివ్వలేదు. తెర మీద సిగ్నల్ గీతలు ఒకటో రెండో ఉన్నాయి. పేజీ తెరుచుకోదు. పంపు అని నొక్కితే తెల్లగా చూస్తోంది.

ఆయన వెనక గదిలోకి పోయి రూటరును ఆపి, మళ్ళీ వేశాడు. ఫలితం లేదు. తీగలన్నీ పీకి, ఊది, మళ్ళీ గుచ్చాడు. అదీ అయ్యాక చూస్తే రూటరు నెత్తిన కుంకుమ బొట్టు, పక్కన చామంతి పువ్వు. ఇంక చెప్పేదేముంది. ఇంటిల్లిపాదికీ వినబడేలా తల్లిని పిలిచాడు.

బయమ్మ ముందు రోజే అడిగింది, ఆ డబ్బాను కూడా మగ్గాలతో పాటు పూజలో పెడదామని. ఆయుధ పూజ నాడు పనిముట్టుకు స్నానం, బొట్టు, ఒక పూట విశ్రాంతి ఇవ్వడం ఆ ఇంట్లో తాతల నాటి పద్ధతి. మెయిలు పోయేదాకా దాని జోలికి రావద్దని కొడుకు కసిరాడు. విశ్రాంతి ఇవ్వకపోతే పోనీ, బొట్టన్నా ఉండాలి కదా అని ఆవిడ తెల్లవారుజామున ఎవరూ చూడకుండా పెట్టేసింది. ఇప్పుడా కుంకుమ బెజ్జాల్లోంచి లోపలికి దిగి యంత్రం చెడిపోయిందని కొడుకు తేల్చాడు. తన కొంప ముంచడానికి బయటివాళ్ళు అక్కర్లేదన్నాడు. నేతగాళ్ళ ఎదుట అన్నాడు. బయమ్మ మొహం కందిపోయింది.

"ఒక పూట దాన్ని నెమ్మదిగా ఉండనిచ్చింటే నీకీ గతి పట్టేదా? నీ పూజ నువ్వే చేసుకోపో."

అని ఆవిడ కొబ్బరికాయల బుట్టతో సహా వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఆవిడ లేస్తే తప్ప ఆ ఇంట్లో దీపం వెలగదు, దీపం వెలిగితే తప్ప నేతగాళ్ళకు ప్రసాదం బొరుగులు పంచరు. మెయిలు పోలేదు సరికదా, ఇప్పుడు పూజ కూడా ఆగింది.

చంద్రమోహన్ భార్య హేమావతి రూటరు దగ్గరికి వచ్చి చూసింది. మూడు దీపాలు వెలుగుతున్నాయి, నాలుగోది లేదు. ఆయన కూడా అప్పుడే దాన్ని గమనించి, దొరికింది రోగం, ఈ దీపం ఆరిపోయింది అన్నాడు.

"అది ఎప్పుడూ ఎలగనే లేదు కదా," అంది హేమావతి. "పెట్టిన రెండు మూడు దినాలు ఎలిగిందేమో, ఆ తర్వాత నేను చూడలేదు."

తెలిసీ తెలియని మాటలు మాట్లాడొద్దని ఆయన విరుచుకుపడ్డాడు. వెలగని దీపంతో ఇన్ని నెలలు నెట్టు ఎట్లా వచ్చిందో చెప్పమన్నాడు. నిజానికి అది అడగవలసిన ప్రశ్నే. కాని చంద్రమోహన్ ప్రశ్నలు అడిగేది జవాబు కోసం కాదు. హేమావతి వంటింట్లోకి పోయింది, పోతూ పోతూ తలుపు కాస్త గట్టిగానే వేసింది.

ఆ ఉక్రోషంలో ఆయన రూటరు వెనక ఉన్న సన్న బెజ్జంలో పిన్నీసు పెట్టి కసిగా నొక్కాడు. దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్ళీ వెలిగాయి. నాలుగోది మాత్రం ఆయన మొహం చూడలేదు. అప్పుడు నెట్టు కంపెనీ మనిషి నల్లప్పకు ఫోను చేశాడు. నల్లప్ప పూజ కోసం మోటారు సైకిలు కడుక్కుంటున్నాడు. పిన్నీసుతో నొక్కానని చెప్పగానే, నొక్కితే లోపల పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయనీ, తానే వచ్చి మళ్ళీ పెట్టాలనీ, పండగ పూట మాత్రం రాలేననీ అన్నాడు. నువ్వు రాకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదని చంద్రమోహన్ అరిచాడు. నల్లప్ప ఆయన్ను చల్లార్చడానికి ఏదో ఒక మాట అనాలి కాబట్టి అన్నాడు.

"దానికి తాళం, అదే పాస్‌వర్డు, ఏయించినావా అన్నా? తాళం లేకుంటే పక్కింటోళ్ళు గూడా వాడుకుంటాంటారు. చానా ఇండ్లల్లో ఇదే కత."

చంద్రమోహన్ ఫోను పెట్టేసి పక్కింటి గోడ వంక చూశాడు. అంతవరకూ దిక్కు తోచక నలుమూలలా తిరుగుతున్న కోపానికి ఒక అడ్రసు దొరికింది.

పక్కింటి రాఘవేంద్రదీ చీరల వ్యాపారమే. ఇతను వాకిట్లో కొత్త గ్రిల్లు పెట్టిస్తే అతనూ పెట్టిస్తాడు, అతను మేడ మీద నీళ్ళ ట్యాంకు కట్టిస్తే ఇతను ఇంకా పెద్దది కట్టిస్తాడు, నీళ్ళు రెండింట్లోనూ ఉండవు. నెట్టు కూడా ఇద్దరూ ఒకే రోజు, ఒకే కంపెనీ దగ్గర, ఒకే రకం రూటరుతో పెట్టించుకున్నారు. బెంగుళూరు అంగడికి డిజైన్లు పంపేవాళ్ళలో రాఘవేంద్ర కూడా ఉన్నాడని చంద్రమోహన్‌కు గట్టి అనుమానం. ఇప్పుడంతా తేటతెల్లమైంది. తన మెయిలు పోకుండా చేయడానికే ఆ మనిషి గోడ అవతల కూర్చుని తన నెట్టంతా లాగేస్తున్నాడు.

సాక్ష్యం కావాలి కదా. తీగలు పీకేసి రూటరును ఎడమ చేత్తో పట్టుకున్నాడు. తెరిచిన లాప్‌టాప్‌ను కుడి చేతి మీద పెట్టుకున్నాడు. ఆ అవతారంతో వీధిలోకి వచ్చేసరికి నేతగాళ్ళు లేచి వెంట నడిచారు. అలిగి కూర్చున్న బయమ్మ కూడా లేచింది. అలక ఎప్పుడైనా కొనసాగించవచ్చు, ఇది మాత్రం మళ్ళీ దొరకదు.

రాఘవేంద్ర ఇంట్లో కడిగిన మగ్గాలకు పసుపు కుంకుమలు పెట్టి, నట్టింట్లో పీట మీద తూకపు రాళ్ళు, కత్తెరలు, కంప్యూటరు, దాని పక్కన బంతిపూల మధ్య రూటరు వరసగా పేర్చారు. అతను హారతి పళ్ళెం పట్టుకుని ఉన్నాడు. చంద్రమోహన్ గడపలో నిలబడి మొదలుపెట్టాడు.

"ఏమప్పా రాఘవేంద్రా, మా నెట్టు దొంగతనంగా వాడుకుంటాండావంట? ఇంతమందిలో చెప్పు, అవునా కాదా?"

హారతి ఇస్తుండగా నోరు విప్పడం వాళ్ళ ఇంట్లో లేదు. రాఘవేంద్ర పళ్ళు బిగించి పళ్ళెం తిప్పుతూనే ఉన్నాడు. మాట్లాడకపోవడాన్ని చంద్రమోహన్ ఒప్పుకోవడం కింద జమ వేసుకున్నాడు. ఒప్పుకున్న దొంగ దొరికాక ఊరుకుంటాడా. పోయిన వేసవిలో ట్యాంకరు నీళ్ళ దగ్గర జరిగింది తవ్వాడు, గ్రిల్లు సంగతి తవ్వాడు, ఒకడి కష్టం మీద బతికే బతుకూ ఒక బతుకేనా అన్నాడు. రాఘవేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళెం మాత్రం వేగం పెంచకుండా తిరిగింది.

హారతి అయింది. రాఘవేంద్ర గుమ్మడికాయను చంద్రమోహన్ కాళ్ళకు కాస్త దగ్గరగానే కొట్టాడు. కాని ఇంకా మాట్లాడలేదు, ఎందుకంటే పూజ అయిన పనిముట్లను ఒక్కొక్కటిగా కదిలించాలి. మగ్గంలో పేక పోగును నడిపే నాడెను ఒకసారి అటూ ఇటూ ఆడించాడు. కత్తెరతో ఒక దారం కత్తిరించాడు. చివరికి రూటరు మీది పువ్వు తీసి, దాని మీట నొక్కాడు.

కాసేపటికి చంద్రమోహన్ చేతి మీది లాప్‌టాప్ చిన్నగా మోగింది. గీతలు నిండుగా లేచాయి. డిజైన్ల మెయిలు కదలడం మొదలైంది. ఆయన మొహం వెలిగిపోయింది. దాన్ని జనం వైపు తిప్పి చూపించాడు.

"చూడండప్పా. నేను వచ్చి అడిగేతలికి నా నెట్టు నాకు ఇడిసిపెట్టినాడు."

జనం చూశారు. లాప్‌టాప్ వైపు కాదు, ఎడమ చేతి వైపు. అక్కడ రూటరు తీగ నేలను ఊడుస్తూ వేలాడుతోంది. మొదట మాట్లాడింది బయమ్మ.

"నీ డబ్బా నీ చేతిలోనే ఉండాది కదరా. మరి ఇది యాడ నుంచి వస్తాండాది?"

చంద్రమోహన్ తన చేతిలోని రూటరును చూశాడు, పూలల్లో ఉన్న రూటరును చూశాడు. రెండూ ఒకే రకం. కంపెనీ పెట్టిన పేరును ఇద్దరూ మార్చలేదు, ఇద్దరూ తాళం వేయలేదు. తన నెట్టు తీగ స్తంభం మీద ఎప్పుడు తెగిందో ఏమో, ఇన్నాళ్ళూ లాప్‌టాప్ వరండాలో కూర్చుని గోడ అవతలి నెట్టునే తాగుతోంది. ఆ రోజు పొద్దున రాఘవేంద్ర రూటరును ఆపి పూజలో పెట్టాడు కాబట్టి ఇక్కడ ఎండిపోయింది. వెనక నుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

రాఘవేంద్ర వేలు ఇంకా మీట మీదే ఉంది. మెయిలు సగం కూడా పోలేదు. గోడ గడియారంలో పదకొండుకు ఎంతో దూరం లేదు, ఊళ్ళో నెట్టు సెంటర్లన్నీ పూజకు మూసేశారు. నేతగాళ్ళు తెర మీద పాకుతున్న గీతను, ఆ వేలిని మార్చి మార్చి చూస్తున్నారు.

"ఆపమంటావా?" అన్నాడు రాఘవేంద్ర.

చంద్రమోహన్ నేతగాళ్ళ వంక చూశాడు. రాఘవేంద్రను ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అన్నా అని పిలిచి ఎరగడు.

"వద్దన్నా."

వేలు కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా లేచింది.

"నీ మొగం చూసి కాదులే. పూజ అయినాక మొదట పట్టుకున్న పనిని నడిమిట్లో ఆపగూడదు. మా నాయన చెప్పినాడు." రాఘవేంద్ర ఒక దోసెడు బొరుగులు, బెల్లం ముక్క కాగితంలో పోసి తెచ్చాడు. "నా డిజైన్లు నిన్ననే పంపినా. కూసో. పోయినాక పో."

చేతులు రెండూ ఖాళీ లేవు కాబట్టి బొరుగులు తీసుకోవాలంటే రూటరును కింద పెట్టాలి. అందరూ చూస్తుండగా చంద్రమోహన్ దాన్ని గుమ్మడి ముక్కల పక్కన పెట్టి, దొంగ అని తిట్టిన ఇంటి గడప మీద కూర్చుని బొరుగులు నమిలాడు. మెయిలు వెళ్తోంది, ఒక్కో డిజైనూ ఒక్కో యుగంలా. రాఘవేంద్ర వంగి తెర వంక చూసి, అంచు బాగుందన్నాడు. తిట్టినా అంత మండేది కాదు. పదకొండు కొట్టబోతుండగా మెయిలు పోయింది. బయమ్మ రాఘవేంద్ర రూటరుకు రెండు చేతులా దండం పెట్టి ఇంటికి వెళ్ళి దీపం వెలిగించింది.

మధ్యాహ్నం బెంగుళూరు నుంచి ఫోను వచ్చింది. చంద్రమోహన్ డిజైన్లే నచ్చాయట, పండగ కాగానే మగ్గం ఎక్కించమన్నారు. నేతగాళ్ళు ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. చంద్రమోహన్‌కు మాత్రం పొద్దుటి కోపం కడుపులో అట్లాగే ఉండిపోయింది, దింపుకోవడానికి చోటు లేదు. తల్లిని అందామంటే చెడగొట్టింది ఆవిడ పెట్టిన కుంకుమ కాదని తేలిపోయింది. పెళ్ళాన్ని అందామంటే ఆ దీపం నిజంగానే వెలగలేదు. పక్కింటి వైపు తలెత్తి చూసే మొహం లేదు. అన్నానికి కూర్చుని రెండు ముద్దలు తిని, పప్పులో ఇంత ఉప్పేమిటని కంచం నెట్టేశాడు.

ఉప్పు సరిగ్గానే ఉంది.