రెండు మడతకత్తులు, పన్నెండో మనిషి

పదకొండింటికి మేడంకి వీడ్కోలు సభ. ఆలోగా, అంటే పదిన్నరకల్లా, రెండు మడతకత్తుల్లో ఏది మంచిదో తేల్చెయ్యాలి. ఆ ఉదయం బూట్లు వేసుకుంటూ రికార్డుల గుమస్తా పెట్టుకున్న కార్యక్రమం ఇంతే. ఇందులో భయపడవలసింది ఏమైనా ఉందా, మీరే చెప్పండి.

బీమా ఆఫీసు నాలుగో అంతస్తుకి మేడం పెద్ద ఆఫీసరు. రిటైరయ్యాక గులాబీలకు అంట్లు కట్టుకుంటూ కూర్చుంటానని ఆవిడ ఎప్పుడో అంది. అందుకని అందరూ కలిసి ఆవిడకో ఖరీదైన మడతకత్తి ఇవ్వాలనుకున్నారు. ఎంపిక ఎవరు చేస్తారన్న దగ్గర మాత్రం ఎవరి పనులు వాళ్ళకి గుర్తొచ్చాయి. మిగిలింది రికార్డులాయన. పంతొమ్మిదేళ్ళుగా వెనక గదిలో ఫైళ్ళ మధ్య ఉంటాడు. రెండుసార్లు ఆయన లోపల ఉండగానే ఆఫీసుకి తాళం వేసుకుని వెళ్ళిపోయారు కూడా. అలాంటి మనిషితో ఎవరో, "మీరైతే సరిగ్గా చూస్తారండీ" అన్నారు. ఆ ఒక్క మాటకి వారం రోజులు ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు.

దుకాణంవాడు రెండు కత్తులిచ్చి, వద్దన్నదాన్ని వేలిముద్ర పడకుండా తిరిగి తెమ్మన్నాడు. అందుకని ఆయన తెల్ల నూలు గ్లవుజులు తొడుక్కుని కూర్చున్నాడు. రెండింటి పిడీ టైటానియమే. రెండింటికీ ఫ్రేమ్ లాకే. అంటే పిడిలోనే ఒక పలక చీలి ఉంటుంది. బ్లేడు విప్పగానే అది లోపలికి వంగి వెనక అడ్డం పడుతుంది. మడవాలంటే బొటనవేలితో పలకని పక్కకి నెట్టాలి. రెండో కత్తి మెత్తగా విచ్చుకుంటుంది, మెత్తగా మూసుకుంటుంది, కాని కొస పట్టుకుని కదిపితే వెంట్రుకవాసి ఊగుతుంది. మొదటిది విప్పితే ఠక్కున నిలబడుతుంది, ఊగడమన్న మాటే లేదు. "ఇదే!" అనుకుని పదహారోసారి విప్పాడు. ఈసారి లాక్ బిగుసుకుపోయింది. ఆయన వేలు వాచింది గాని పలక కదల్లేదు.

ఆ ఆఫీసులో బొటనవేలంటే ముద్రలాయనదే. రోజుకి ఆరు వందల కాగితాల మీద ముద్ర నొక్కే మనిషి. బిగిసిన కత్తి కుడిచేత పట్టుకుని, ఎలా మూసుకోవాలో చూపించడానికి రెండోది కూడా విప్పి ఎడమచేత పట్టుకుని, రికార్డులాయన బయల్దేరాడు. మేడం కంట పడితే బహుమతి గుట్టు రట్టవుతుంది కదా! అందుకని బూట్లు విప్పేసి, మునివేళ్ళ మీద, గోడవారగా నడిచాడు.

మబ్బు కమ్మి పదింటికే మసకగా ఉంది. కారిడార్లో దీపం కొట్టుకుంటోంది. ఆరేళ్ళుగా అదే ఆఫీసులో టైపు చేస్తున్న అమ్మాయి ఎదురైంది.

"ముద్రలాయన ఎక్కడమ్మా?" అని గుసగుసగా అడిగాడు. "గట్టిగా మాట్లాడకు. మేడంకి తెలియకూడదు."

ఆ అమ్మాయి గోడకి అతుక్కుపోయి, చేత్తో ఎటో చూపించి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. ఈ రోజుల్లో ఇంత వినయమా అని ఆయన ముచ్చటపడ్డాడు.

ముద్రల బల్ల దగ్గర ఎవరూ లేరు. కుర్చీ మాత్రం ఇంకా తిరుగుతోంది. పక్క బల్ల మీద టీ పొగలు కక్కుతోంది, తాగే మనిషి లేడు. ఫోను రిసీవరు తీగకి వేలాడుతూ, "హలో... ఉన్నారా? హలో..." అంటోంది. లిఫ్టు తలుపు మూసుకోబోతుంది, కింద పడి ఉన్న చేతిసంచి తగిలి తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకోబోతుంది. నేల మీద ఒక చెప్పు ఉంది, రెండోది లేదు. పదకొండు మంది మనుషులు రెండు నిమిషాల్లో మాయమైపోయారు.

ఆయన చుట్టూ చూశాడు. "ఏమండీ?" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఇక్కడేదో ఘోరం జరిగింది, ఇంకా జరుగుతోంది కూడా. కత్తులు రెండూ బిగించి పట్టుకుని వెనక్కి తిరిగాడు. మేడం గది గాజు తలుపులో పొడుగాటి ఆకారం ఒకటి తననే చూస్తోంది. దాని చేతులు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. ఒక్కో చేతిలో ఒక్కో కత్తి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అదీ వేసింది.

గాజులో తన్ను తాను చూసుకుని జడుసుకునేవాళ్ళుంటారా అని నన్నడక్కండి. ఆ హాల్లో ఒంటరిగా ఉంటే మీరూ పరిగెత్తేవాళ్ళే. ఆయన పరిగెత్తి చేరిన స్టేషనరీ గదికి లోపల గడియ పెట్టి ఉంది. మోచేతుల్తో బాదాడు.

"నేనండీ, మన ఆఫీసే! తియ్యండి! వాడు నా వెనకే ఉన్నాడు!"

తలుపు జానెడు తెరుచుకుంది. ఎవరో చొక్కా పట్టి లోపలికి లాగారు. మళ్ళీ గడియ పడింది. లోపల కటిక చీకటి, కాగితాల వాసన, బిగపట్టిన ఊపిర్లు.

"పన్నెండు!" అన్నాడు అకౌంటెంటు, గొంతు తగ్గించి. "అమ్మయ్య, సరిపోయాం. ఇందాకట్నుంచీ ఒకళ్ళు తక్కువొస్తున్నారు. ఎవరో ఎవరికీ తట్టలేదు."

"అంటే మనవాళ్ళందరం లోపలే ఉన్నాం. బయట తిరిగేవాడెవడో పరాయివాడే" అంది మేడం. చీకట్లో ఆవిడ చెయ్యి రికార్డులాయన భుజం మీద పడింది. "వచ్చేశారుగా. ఇంక భయపడకండి. మేమంతా ఉన్నాం."

పంతొమ్మిదేళ్ళలో ఆయన్ని ఎవరూ అలా తమలో కలుపుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కత్తులు నేల వైపు దించుకుని, వాళ్ళకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"నాతో మాట్లాడాడండీ" అంది టైపు అమ్మాయి. "ముద్రలాయన ఎక్కడని అడిగాడు. ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు. మొహం చూళ్ళేదు, కత్తులే చూశాను."

అప్పుడు అర్థమైంది ఆయనకి. ఆ పరాయివాడు తనే. కత్తులు మెల్లిగా కాగితాల కట్టల వెనక్కి తోసేస్తే చాలు, ఎవరికీ తెలియదు. పన్నెండో మనిషిగా హాయిగా ఉండిపోవచ్చు. వంగాడు కూడా.

"నేనూ దూరం నుంచి చూశాను" అన్నాడు ముద్రలాయన. "కత్తులా అవి! తుప్పు పట్టిన నాసిరకం సరుకు. వాడికి కత్తుల గురించి ఓనమాలు కూడా వచ్చినట్టు లేవు."

"తుప్పా?" ఆయన ఇక ఆపుకోలేకపోయాడు. "పిడి టైటానియం అండీ! బ్లేడు తుప్పు పట్టని ఉక్కు! పదహారుసార్లు విప్పి చూశాను. మొదటిది వెంట్రుకవాసి ఊగితే నన్నడగండి! కాస్త లాక్ బిగుసుకుంది, అంతే. అందుకే మీ బొటనవేలు కావాలని వచ్చాను!"

ఎవరో దీపం వేశారు. ముద్రలాయన బొటనవేలు పిడికిట్లో దాచుకుని కట్టల మీదికి ఒరిగిపోయాడు.

మేడం మాత్రం ముందుకొచ్చి, బిగిసిన కత్తి అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, రోజూ మొక్కల మట్టి పిసికే వేలితో ఒక్క నొక్కు నొక్కింది. కత్తి మడుచుకుంది.

"బ్రహ్మాండంగా ఉంది. ఎంచినవాళ్ళకి వస్తువు విలువ తెలుసు" అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది. "ఇంతకీ మీరెవరండీ?"

మర్నాటి నుంచి ఆఫీసులో ఆయన ఒక్క నిమిషం కనిపించకపోయినా అందరికీ వెంటనే తెలిసిపోతోంది.