ఇరవై పౌండ్ల విల్లు

ఆ ఆదివారం ఉదయం ఖాజా పాషా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి హన్మకొండ పోవాలి. విల్లు కొనాలి. దాన్ని ఇంట్లో బీరువా వెనక దాచాలి. సాయంత్రం నాలుగింటికి, రమ టీచర్ బాణాలు నేర్పే గ్రౌండ్‌కు చేరాలి. భార్య మహబూబ్‌బీకి మాత్రం తెలియకూడదు. బస్ డిపోలో ముప్పై నాలుగేళ్లు డ్యూటీ చార్టులు రాసి రిటైరైన మనిషి బాణాలు వేస్తానంటే ఆమె ఎంతసేపు నవ్వుతుందో అతనికి తెలుసు.

మూడు నెలలుగా అతనికి ఒకటే కల. తెల్లటి వెలుగులో నిలబడి ఉంటాడు. వేళ్ల మధ్య నుంచి బాణం జారిపోతుంది. అది దేనికీ తగలదు, కింద పడదు, అలా పోతూనే ఉంటుంది. మెలకువ వచ్చాక కూడా కాసేపు అతను దాని వెనకే పోతుంటాడు.

రమ టీచర్ ఒకప్పుడు బడిలో డ్రిల్లు నేర్పేది. ఇప్పుడు సరదాగా బాణాలు వేసేవాళ్లను పోగుచేసి ఆదివారాలు నేర్పుతున్నది. ఒక్క చోటు మిగిలింది. "సొంత విల్లుతోటి నాలుగింటికల్లా రావాలె పాషా భాయ్. లేకుంటె ఇంకొకలకు ఇచ్చేస్త," అని ముందే చెప్పింది.

దుకాణదారు రాజేశ్వర్ రావు బల్ల మీద రెండు విల్లులు పెట్టాడు. ఖాజా పాషా చెయ్యి నల్లగా నిగనిగలాడే పెద్దదాని మీదికి పోయింది. లాగాడు. సగం దాకా వచ్చింది. భుజం వణికింది, చెంపలు వణికాయి.

"అది నలభై పౌండ్లది అన్నా," రాజేశ్వర్ రావు నింపాదిగా అన్నాడు. "పూర్తిగ లాగితే పద్దెనిమిది కిలోలు మోసినంత పని. విల్లును మనం లాగాలె గని, అది మనల్ని లాగొద్దు."

"మరి మొగోళ్లు గిసొంటిదే..."

"మొగోళ్లే కొంటరు. నెల తిరగక ముందే భుజం పట్టుకొని దవాఖానకు పోతరు. ఇది చూడు, ఇరవై పౌండ్లు. వెదురు, కట్టె, నారి. దానికున్నట్టు గిలకల్లేవు, గురిచూసె అద్దాల్లేవు. ధర దానిల మూడో వంతు. సరదాకు ఏసెటోళ్లకు ఇది సాలు."

రెండో విల్లు మెత్తగా సాగింది. నారి చెంప దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ, దుకాణంలో, ట్యూబ్‌లైటు కింద అతనికి ఆ తెల్లటి వెలుగు కనిపించింది. విల్లు, మూడు బాణాలు కొనేశాడు.

నారి విప్పి కర్రలా తీసుకుపొమ్మని రాజేశ్వర్ రావు చెప్పాడు. ఖాజా పాషాకు మనసు రాలేదు. బాణాలు సంచిలో పెట్టి, ఆ వంపును భుజాన వేసుకుని, శివనగర్‌లో ఆటో దిగి తన గల్లీలోకి నడిచాడు. నడుస్తూ నారిని ఒకే ఒక్కసారి వేలితో మీటాడు.

గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి.

ముప్పై ఏళ్ల కిందట ఖాజా పాషా తండ్రి దూది ఏకే పెద్ద విల్లును ఇలాగే భుజాన వేసుకుని, ఇలాగే మీటుకుంటూ ఈ గల్లీలో తిరిగేవాడు. ఆ మోత వింటే చాలు, జనం గట్టిపడిన పరుపులు బయట వేసేవారు.

"అచ్చం మీ నాయినే నడిసొచ్చినట్టున్నది బిడ్డా," పక్కింటి ముసలామె యాకమ్మ గడపలో నిలబడి అన్నది. "పించనొస్తున్నా తండ్రి పని ఇడువలేదు జూడు. మా పరుపు రాయైపోయింది. ఇయ్యాల ఏకుతవా?"

నిజం అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కానీ ఏడుగురు చూస్తున్నారు.

"ఏకుత చిన్నమ్మా," అన్నాడు.

పదకొండింటికి ఇంటి ముందు నాలుగు పరుపులు, తొమ్మిది దిండ్లు చేరాయి. మహబూబ్‌బీ బయటికి వచ్చి పరుపులను చూసింది, విల్లును చూసింది, మొగుణ్ని చూసింది. ఆమె నవ్వలేదు. కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది.

"పించను సాలుతలేదని నాకెందుకు చెప్పలె? ఈ వయసుల దూది ఏకి నన్ను సాదుతవా?"

"అట్లగాదు..."

"నువ్వేం మాట్లాడకు."

డోర్నకల్‌లో రైల్వే పని చేసే తమ్ముడు ఇర్షాద్‌కు మొగుడి ఫోన్‌లోంచే కలిపి స్పీకర్ పెట్టింది. అవతల ఇర్షాద్ ఏడ్చినంత పని చేశాడు. "ఇంత తక్లీఫ్‌ల ఉండి కూడ మొన్న పండుగకు నాకు వాచీ పెట్టినవ్ బావా. ఫికర్ చెయ్యకు. నా దోస్తు గోదాంల వాచ్‌మన్ పనున్నది. రేపు పొద్దుగాల రైలెక్కు."

ఖాజా పాషా ఫోన్ పక్కన పెట్టి, యాకమ్మ పరుపు కుట్లు విప్పాడు. ఒక్క పరుపు తొందరగా ముగిస్తే నాలుగింటికి జారుకోవచ్చని లెక్క వేశాడు. నారిని దూదిలో ముంచి చపాతీ కర్రతో కొట్టాడు.

ముందు ఒక పోగు లేచింది. తర్వాత ఒక మబ్బు. ఎండలో గల్లీ మెల్లగా తెల్లబడింది. కరెంటు తీగల మీద, స్కూటర్ సీట్ల మీద, యాకమ్మ జుట్టు మీద దూది వాలుతున్నది. నారి మోత ఒక్కటే, దూరంగా, నిద్రలో విన్నట్టుగా ఉంది. కలలో వెలుగు ఇదేనేమోనని అతనికి అనుమానం వచ్చింది. చేతుల నొప్పి మాత్రం కలలోది కాదు.

మూడున్నరకు ఆ తెలుపులోంచి ఒక స్కూటీ వచ్చి ఆగింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని, గ్రౌండ్‌కు పోతూ రమ టీచర్ వచ్చింది. ఫోన్ దూది కింద ఎక్కడో ఉంది.

"ఏంది పాషా భాయ్, బాణాలేసే విల్లుతోటి దూది కొడుతున్నవా?"

"బాణాలేంది టీచరమ్మా?" అన్నది మహబూబ్‌బీ.

భార్య నవ్వుతుందని విల్లును బీరువా వెనక దాస్తానని పాషా తనతో అన్న మాటతో సహా, రమ టీచర్ అంతా చెప్పేసింది. మహబూబ్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"అంటె మనకు కష్టాల్లేవా?"

"లేవు."

"పించను సాలుతున్నదా?"

"సాలుతున్నది."

"మరి పొద్దటిసంది నేను ఏడ్సిందంతా?"

ఖాజా పాషా చపాతీ కర్రకు అంటిన దూదిని గోటితో గీకసాగాడు.

"కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి," రమ టీచర్ వాచీ చూసుకుంది. "నారి లాగి, నేను పదంకెలు లెక్కపెట్టెదాక పట్టు భాయ్. పట్టినోళ్లకే చోటు. చెయ్యి వణికెటోని పక్కన నేను ఎవ్వలను నిలబెట్ట."

ఖాజా పాషా లాగాడు. పొద్దున మెత్తగా సాగిన విల్లు, నాలుగు గంటలు దూది కొట్టిన చేతికి ఇనుపకమ్మీలా తగిలింది. మూడో అంకెకు మోచెయ్యి వణికింది. నాలుగో అంకెకు నారి ముందుకు పోయింది.

"ఇంకోసారి చూస్త టీచర్..."

"ఇటియ్యి. పొయ్యిల పెడత," మహబూబ్‌బీ విల్లు లాక్కుంది. కోపంతో నారిని చెంపదాకా లాగింది. "దీనికోసమా? ఇంతమాత్రం దానికి నా తమ్ముణ్ని గూడ ఏడిపించినవా? బీరువా ఎనక దాస్తవా నా ఇంట్ల నాకు తెలువకుంట? నేను నవ్వుతనని భయమా? నవ్వితే నీ సొమ్మేం పోతది?"

రమ టీచర్ మెల్లగా అంకెలు లెక్కపెడుతున్నది. పది దాటింది. ఇరవై దాటింది. మహబూబ్‌బీ మోచెయ్యి కదలలేదు. ముప్పై దగ్గర తిట్లు అయిపోయాయి. ఆమె చూపు గాలిలో తేలుతున్న ఒక దూదిపోగు మీద నిలిచింది. అది పైకి పోలేదు, కిందికి రాలేదు. ఆమె ముఖంలోంచి కోపం ఎటో వెళ్లిపోయింది. నారిని జాగ్రత్తగా ముందుకు దించింది.

"ఎంతసేపుంటది టీచరమ్మా, ఆ గ్రౌండ్‌ల?"

"గంటన్నర. చెప్పులేసుకో అక్కా."

బాణాల సంచి ఒళ్లో పెట్టుకుని, విల్లును నిలువుగా పట్టుకుని ఆమె స్కూటీ వెనక ఎక్కింది. ఖాజా పాషా నోరు తెరిచేలోపే ఆ తెలుపులో కలిసిపోయింది.

"మిగిలినయి చీకటి పడకముందే కానియ్యి బిడ్డా," అన్నది యాకమ్మ.

విల్లు లేకపోవడంతో ఖాజా పాషా మిగతా మూడు పరుపులనూ చేతులతోనే ఏకాడు.