ఏడో జెండా దగ్గర గొంతు

ఆ రోజు ఉదయం సెక్రటరీ వేసుకున్న పథకం చాలా చిన్నది. రొమ్ము క్యాన్సర్ నిధి కోసం క్లబ్బులో గోల్ఫ్ పోటీ ప్రారంభించాలి. ఆటగాళ్ళందరినీ మైదానంలోకి తోలెయ్యాలి. ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా గేటు దగ్గర ఆగివున్న పరీక్షల వ్యానులోకి దూరి, చొక్కా విప్పి, తన ఎడమ రొమ్ములో ఉన్న గడ్డ ఏమిటో కనుక్కుని, మళ్ళీ చొక్కా తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు బహుమతుల బల్ల దగ్గర నిలబడాలి.

గడ్డ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. వానాకాలంలో స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. శనగగింజంత ఉంది. నొప్పి లేదు, అందుకే భయం ఇంకా ఎక్కువైంది. ఫోన్లో వెతికితే మగవాళ్ళకు కూడా అరుదుగా వస్తుందని కనిపించింది. ఫోను బోర్లా పెట్టేశాడు. "రేపేమవుతుందో ఎవరికి తెలుసండీ" అని ఊళ్ళో సగం మంది చేత బీమా కట్టించిన మనిషి, తన రేపు గురించి ఒక్కసారే ధైర్యం చేసి ఆస్పత్రికి వెళ్ళాడు. రొమ్ము పరీక్షల విభాగం తలుపు మీద 'స్త్రీలకు మాత్రమే' అని రాసి ఉంది. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. "బాత్రూమ్ ఎటండీ?" అని అడిగి, వాళ్ళు చూపించిన వైపు వెళ్ళి, అటునుంచి అటే ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాతి క్లబ్బు మీటింగులోనే ఆయన లేచి ఈ పోటీ సంగతి ఎత్తాడు. పోటీ రోజున ఆడవాళ్ళకు ఉచితంగా పరీక్షలు చేసే వ్యాను కూడా రావాలన్నాడు. అందరూ ఆయనది వెన్నలాంటి మనసన్నారు. కాలేజీలో బోటనీ చెప్పే భార్య అయితే మురిసిపోయింది. "ఇన్నేళ్ళకి మీకు మా గురించి ఆలోచన వచ్చింది" అంది. నిజం చెప్పేద్దామని ఆయన నోరు తెరిచాడు. కానీ భార్య తనను చూసి మురిసిపోవడం కొత్త కావడంతో, దాన్ని పాడుచేసుకోబుద్ధి కాక మూసేశాడు.

తీరా క్లబ్బుకు వచ్చేసరికి మైదానం లేదు. అది ఉండాల్సిన చోట పొగమంచు దిగి కూర్చుంది. క్లబ్బు మెట్లలో పైవి రెండే కనిపిస్తున్నాయి. దిగిన మనిషికి ముందు కాళ్ళు పోయేవి, తర్వాత నడుము, చివరికి టోపీ. మనిషి పోయాక కూడా మాటలు మాత్రం కాసేపు చెవుల దగ్గరే తిరిగేవి. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు.

"వాయిదా వేద్దామయ్యా" అన్నాడు ప్రెసిడెంటు. ఆయన రిటైర్డ్ జడ్జి. వాయిదా అనే మాట మీద ఆయనకు ముందునుంచీ మమకారం.

వ్యాను మళ్ళీ ఎప్పటికో గానీ దొరకదు. సెక్రటరీ మైకు లాక్కున్నాడు. "జబ్బు మంచు చూసి ఆగుతుందా అండీ? భయపడి దాచుకోవడమే అసలు జబ్బు! ఆడదాం!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఎవరు కొడుతున్నారో కనిపించలేదు.

పోటీ భార్యాభర్తల జట్లకు. ఒక్కో జంట వచ్చి బంతిని కొట్టి, దాని వెనకే మంచులోకి నడిచి వెళ్ళింది. ఠక్కున కర్ర తగిలిన చప్పుడు వినిపించేది గానీ బంతి నేలకు తగిలిన చప్పుడు ఎంతసేపు చెవి ఒగ్గినా వినిపించేది కాదు. చివరి జంట కూడా మాయమయ్యాక సెక్రటరీ గుండె చిక్కబట్టుకుని గేటుకు పరుగెత్తాడు. వ్యాను ఆగాల్సిన చోటుకు గుర్తుగా గేటు పక్కన పాతించిన గులాబీ రంగు జెండా ఉంది. వ్యాను లేదు. డ్రైవరుకు ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావు నాయనా?"

"వచ్చి చాలాసేపయింది సార్. జెండా దగ్గరే ఉన్నా."

"నేనూ జెండా దగ్గరే ఉన్నాను. నువ్వు కనిపించవే?"

"మీరూ కనిపించట్లేదు సార్" అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి.

సెక్రటరీ జెండా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. చెయ్యి చాపి మంచును తడిమాడు కూడా. "ఇప్పుడు జెండాను పట్టుకుని నిలబడ్డాను. నువ్వూ పట్టుకో" అన్నాడు. "పట్టుకున్నాను సార్" అన్నాడు డ్రైవరు. సెక్రటరీ చేతికింద జెండా కర్ర మీద ఇంకే చెయ్యీ లేదు. ఇద్దరూ ఒకేసారి ఫోన్ పెట్టేశారు.

గోల్ఫ్ మైదానంలో ప్రతి గుంటకూ ఒక జెండా ఉంటుందన్న సంగతి, ఆ క్లబ్బుకు ఇన్నేళ్ళుగా సెక్రటరీగా ఉన్నాయనకు ఆ నిమిషాన తోచలేదు. గడ్డి కోసే యంత్రాలు తిరిగే వెనక దారిన పడి వచ్చిన డ్రైవరు, తనకు కనిపించిన మొదటి జెండా దగ్గర బండి ఆపాడు. అది ఏడో గుంట. మైదానంలో అన్నిటికన్నా దూరం, పక్కనే నీటిమడుగు, బంతులు పోగొట్టుకోవడానికి పెట్టింది పేరు. ఆ కంగారులో వ్యానులో స్విచ్చులు వేస్తూ, వీధుల్లో ప్రచారం చేయడానికి పైకప్పు మీద బిగించిన లౌడ్‌స్పీకరు స్విచ్చు కూడా వేసేశాడు. తర్వాత సెక్రటరీని వెతుక్కుంటూ బయల్దేరి తనే తప్పిపోయాడు.

సెక్రటరీ క్లబ్బు మెట్లెక్కుతుండగా మంచులోంచి బావమరిది ఊడిపడ్డాడు. ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు. తన పళ్ళే టకటక కొట్టుకుంటున్నాయి.

"బావా, మా ఆవిడ కనిపించట్లేదు!"

"ఎక్కడ పోయింది?"

"ఏడో జెండా దగ్గర. బంతి వెతికి వస్తానని వెళ్ళింది. పిలిస్తే పలకట్లేదు."

వెనకే ఇంకో భర్త వచ్చాడు, ఒంటరిగా. తర్వాత ఇద్దరు కలిసి వచ్చారు, ఇద్దరికీ భార్యల్లేరు. అందరూ చెప్పింది ఒకటే. ఏడో జెండా, బంతి వెతకడం, ఆ తర్వాత నిశ్శబ్దం. కాసేపటికి క్లబ్బు వరండా నిండా మగవాళ్ళే నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో భార్య కర్ర కూడా ఉంది. దాన్ని ఎవరైనా తీసుకుంటారేమోనని గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

జడ్జి అప్పటికప్పుడు ఒక దళాన్ని తయారుచేశాడు. ఎవరూ తప్పిపోకుండా, ప్రారంభోత్సవానికి తెచ్చిన పొడవాటి గులాబీ రిబ్బను అందరికీ పట్టించాడు. సెక్రటరీని నడిమధ్య పెట్టారు. రిబ్బను పట్టుకుని పెద్దమనుషులు ఒకరి వెనక ఒకరు మంచులోకి నడిచారు. గడ్డి తడికి బూట్ల కింద చప్పుడు కూడా రావడం లేదు. ముందున్న మనిషి వీపు తప్ప ఎవరికీ ఏమీ కనిపించడం లేదు. అందరికన్నా ముందున్న జడ్జికి అదీ లేదు.

"ఆగండి" అన్నాడాయన ఉన్నట్టుండి.

నేలమీద ఒక ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. దానిమీద ఆడవాళ్ళ బూట్లు. జతలు జతలుగా, ముద్దుగా వరసలో పెట్టి ఉన్నాయి. అన్ని బూట్ల మొనలూ మంచులోకే చూస్తున్నాయి. పళ్ళ డాక్టరు వంగి ఒక జత పైకెత్తాడు. "ఇవి మా ఆవిడవి. పోయిన నెలే కొన్నాను" అన్నాడు ఏడుపు గొంతుతో.

అప్పుడు వినిపించింది ఆ గొంతు. ఆడగొంతు, చాలా నెమ్మదైన గొంతు. ఏ దిక్కునుంచో తెలియకుండా, మంచే మాట్లాడుతున్నట్టు నాలుగు వైపులనుంచీ వచ్చింది.

"భయపడకండి... దగ్గరికి రండి... ఇంకాస్త దగ్గరికి..."

రిబ్బను బిర్రబిగుసుకుంది.

"ఊపిరి ఆపండి... కదలకండి..."

ఎవరూ కదలలేదు. కొందరు నిజంగానే ఊపిరి కూడా ఆపేశారు. ఏదో యంత్రం సన్నగా మూలిగి ఆగింది.

"అంతే. అయిపోయింది. తర్వాత ఎవరు?"

ఆ తర్వాతి మనిషి కావాలని ఎవరికీ లేదు. దళమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. ఎవరూ రిబ్బను వదల్లేదు కాబట్టి నాలుగడుగులకే అందరూ ఒకరికొకరు చుట్టుకుని కుప్పగా పడ్డారు. ఆ కుప్ప అలాగే దొర్లుకుంటూ, లేస్తూ, పడుతూ క్లబ్బు దాకా వచ్చింది.

కుప్పలో అడుగున ఉన్న సెక్రటరీకి మాత్రం విషయం అర్థమైపోయింది. ఊపిరి ఆపమనడం, కదలొద్దనడం, యంత్రం మూలగడం, వీటి గురించి ఆయన చదివి ఉన్నాడు. అది వ్యాను. ఆడవాళ్ళందరూ అందులో ఉన్నారు. గోల్ఫ్ బూట్ల అడుగున ఉండే మేకులు వ్యాను నేలను గీస్తాయని బయట విప్పించి ఉంటారు. ఆ మాట చెబితే చాలు, అందరి ప్రాణాలూ కుదుటపడతాయి. కానీ అందరూ నవ్వుకుంటూ వ్యాను చుట్టూ చేరతారు. ఇక తన చొక్కా విప్పే అవకాశం పోయినట్టే. ఆ శనగగింజ మళ్ళీ లోపలే ఉండిపోతుంది, ఎంత పెరుగుతుందో ఎవరికీ తెలియకుండా. ఇది తప్పు పని అని ఆయనకు బాగా తెలుసు. తెలిసే చేశాడు.

"మీరంతా ఇక్కడే ఉండండి. నేనొక్కణ్ణే వెళ్తాను" అన్నాడు.

జడ్జి ముందుకొచ్చి ఆయన భుజం తట్టాడు. లోపల స్కోర్లు రాసే బల్ల దగ్గరున్న సెక్రటరీ భార్య పరుగెత్తుకుంటూ వచ్చి చొక్కా పట్టుకుంది.

"మీకేమైనా పిచ్చా? మీరు వెళ్ళొద్దు. నాకు భయంగా ఉందండీ."

ఆవిడ చేతి కింద సరిగ్గా ఆ గడ్డే ఉంది. ఆయన ఆ చేతిని మెల్లగా తీసి, "వచ్చేస్తాను" అన్నాడు.

ఈసారి గొంతు వెంబడే నడిచాడు. మంచులో గులాబీ రంగు దీపం ఒకటి తేలుతూ కనిపించింది, తర్వాత వ్యాను. ముందు భాగంలో హీటరు పక్కన ఆడవాళ్ళంతా కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫ్లాస్కుల్లో టీ తాగుతున్నారు. పరీక్షలు అయిపోయినా ఎవరికీ ఆ చలిలోకి వెళ్ళి బంతులు కొట్టే ఉద్దేశం లేదు.

"మీవాళ్ళు మీకోసం కంగారు పడుతున్నారమ్మా, వెళ్ళండి" అన్నాడు సెక్రటరీ.

"కాసేపు పడనివ్వండి అన్నయ్యగారూ" అందొకావిడ. కాసేపయ్యాక బూట్లు వేసుకుని నవ్వుకుంటూ మంచులోకి వెళ్ళిపోయారు.

లోపల పరీక్షలు చేసే ఆవిడ అద్దం వెనక, మైకు ముందు కూర్చుని ఉంది. "మీ ఆవిడ కోసమా సార్?" అంది.

సెక్రటరీ తలుపు వేసి, గడియ పెట్టి, ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి మైకు మీదికి వంగాడు.

"మా ఆవిడకు కాదండీ. నాకు. ఎడమ రొమ్ములో గడ్డ ఉంది."

బయట ఎక్కడో దూరంగా ఎవరో మగమనిషి "గడ్డ ఉంది" అన్నట్టు వినిపించింది. భయం ముదిరితే ఇలాగే చెవుల్లో మాటలు వినిపిస్తాయేమో అనుకున్నాడు సెక్రటరీ.

"ఎప్పట్నుంచి ఉంది?"

"వానాకాలం నుంచి."

"వానాకాలం నుంచి" అంది మంచు.

"ఇంట్లో చెప్పారా?"

"లేదండీ. ఎలా చెప్పాలో తెలియలేదు. నవ్వుతారనుకున్నాను. అసలు సంగతి అది కాదులెండి. భయమేసింది. చచ్చిపోతానేమోనని చాలా భయమేసింది." ఇన్నాళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక ఏడుపు వచ్చింది. ఏడ్చాడు కూడా. ఆ వెక్కిళ్ళు మైదానంలో మొదటి గుంటనుంచి చివరి గుంట దాకా ఒక్క పొల్లు పోకుండా వినిపించాయి.

"చొక్కా విప్పండి సార్. దగ్గరికి రండి. ఇంకాస్త. ఊపిరి ఆపండి. కదలకండి."

తర్వాత ఆవిడ తెర మీద పడ్డ బొమ్మను చాలాసేపు చూసింది. "చిన్నదే. కానీ వదిలేసేది కాదు. సోమవారం పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వచ్చి మంచిపని చేశారు" అంది.

ఆయన బొత్తాలు పెట్టుకుంటూ తలుపు తీశాడు. మంచులో మనుషులు నిలబడి ఉన్నారు. ఎంతమందో లెక్క తెలియలేదు. ముందుగా ఒక చెప్పుల జత కనిపించింది, తర్వాత చీర, తర్వాత భార్య ముఖం.

"వానాకాలం నుంచా?" అందావిడ.

ఆయన పైకి చూశాడు. వ్యాను కప్పు మీద లౌడ్‌స్పీకరు కనిపించింది. ఆ నిమిషంలో నేల నోరు తెరిస్తే కృతజ్ఞతలు చెప్పి మరీ దిగేవాడు.

"ఈ పోటీ, ఈ జనం, ఈ ఉపన్యాసాలు, ఇదంతా నాతో ఒక్క మాట చెప్పలేకా?" అంది భార్య. తిడుతూనే, ఆయన తప్పు గుంటల్లో పెట్టిన బొత్తాలు విప్పి సరిగ్గా పెట్టింది. "సోమవారం నేనూ వస్తాను. నోరెత్తారంటే చూడండి."

అప్పుడు పళ్ళ డాక్టరు దగ్గుతూ వ్యాను మెట్టెక్కాడు. "మేడమ్, నాక్కాదనుకోండి. మా ఫ్రెండ్ ఒకడికి చంకలో ఏదో తగులుతోందట" అన్నాడు. ఆయన వెనకే జడ్జి వచ్చి నిలబడ్డాడు. ఆయనకూ ఒక మిత్రుడున్నాడట. ఆ వెనక మంచులో ఇంకా చాలామంది, తమ తమ మిత్రుల తరఫున నిలబడ్డారు.

పరీక్షలు చేసే ఆవిడ వరసంతా ఒకసారి చూసి, "మీ స్నేహితులందర్నీ చొక్కాలు విప్పి ఒక్కొక్కరుగా రమ్మనండి" అంది.

మిగతా స్నేహితులందరూ బాగానే ఉన్నారని తేలింది. సెక్రటరీది మాత్రం క్యాన్సరేనని సూది పరీక్షలో తేలింది. మొదట్లోనే దొరికిందని, తీసేస్తే భయం లేదని డాక్టరు చెప్పాడు. భార్య అంతా ధైర్యంగా విని, ఆస్పత్రి లిఫ్టులో ఏడ్చింది. ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరు కట్టు చూడ్డానికి వచ్చాడు. "మగవాళ్ళు ఎప్పుడూ బాగా ముదిరాకే వస్తారు. మీరు ఇంత తొందరగా ఎలా వచ్చారండీ?" అని ఆశ్చర్యపోయాడు.

సెక్రటరీ భార్య వైపు చూశాడు. ఆవిడ దిండు సర్దుతూ, "ఒక్కరే రావడానికి సిగ్గేసి, ఊరందర్నీ పిలిచి గోల్ఫ్ ఆడించారండీ" అంది.