కొంగల జట్టులో అనకూడని మాట

శనివారం పొద్దున కాఫీ తాగుతూ వెండెల్ క్రూగర్ వేసుకున్న పథకంలో ఏ వంకరా లేదు. మధ్యాహ్నం ఆటలో ఐదో ఇన్నింగ్స్ అవగానే పెద్దాయన ఆర్విల్ టెస్కీని చక్రాల కుర్చీలో మైదానం మధ్యకు తీసుకెళ్ళాలి. తను మైకులో జట్టు చరిత్ర చదవాలి. జనం చప్పట్లు కొడుతుండగా అద్దాల చట్రంలో బిగించిన ఆర్విల్ పాత చొక్కాను ఆయనకే బహూకరించాలి. తర్వాత ఇంటికి పోయి మొక్కజొన్న పొత్తులు కాల్చుకు తినాలి.

వెండెల్ విత్తనాల కొట్టులో పనిచేసి రిటైరైనవాడు. ఇప్పుడు డాల్టన్ ఫెర్రీ బేస్‌బాల్ మైదానంలో మైకు ముందు కూర్చుంటాడు. ఊరి జట్టు పేరు కొంగలు. చిట్టచివరి మెట్టు జట్టు. ఇందులో ఆటగాళ్ళు పట్నంలోని పెద్ద క్లబ్బువారి సొత్తు. మేపి పెట్టమని ఊరికి ఇచ్చిన దూడల్లాంటివాళ్ళు. బాగా ఎదిగినవాణ్ణి వాళ్ళే తోలుకుపోతారు, ఎదగనివాడు ఇంటికి పోతాడు. ఊరికి మిగిలేది కొంగ బొమ్మ టోపీలు.

ఆ జట్టు చరిత్ర రాద్దామని వెండెల్ చలికాలమంతా కూర్చున్నాడు. నది పొంగి మైదానాన్ని ముంచిన సంగతి దొరికింది. యజమానులు వరసగా దివాలా తీసిన సంగతి దొరికింది. బస్సు దారి తప్పి ఆటగాళ్ళు ఎవరి పెళ్ళివిందులోనో భోంచేసి వచ్చిన సంగతీ దొరికింది. చెప్పుకోదగ్గ గొప్ప మాత్రం ఒక్క ఆర్విలే.

పడుచు వయసులో ఆర్విల్ ఒకరోజు ఎదుటి జట్టుకు ఒక్క హిట్టు కూడా, అంటే ఎవరికీ అందకుండా కొట్టే ఒక్క దెబ్బ కూడా, ఇవ్వకుండా ఎనిమిది ఇన్నింగ్స్ బంతి వేశాడు. ఆఖరిదైన తొమ్మిదోదీ అలాగే ముగిస్తే దాన్ని నో-హిట్టర్ అంటారు. బంతి విసిరేవాడికి అంతకు మించిన కీర్తి లేదు. ఇంకొక్కడు ఔటైతే చాలనగా బంతి గాల్లోకి లేచింది. పట్టాల్సినవాడి కళ్ళలో ఎండ పడింది. బంతి పచ్చిక మీద పడింది. కొంగలు మళ్ళీ అంత దాకా ఎప్పుడూ వెళ్ళలేదు.

ఇప్పుడు ఆర్విల్ షికాగోలో కూతురు లొరెటా దగ్గర ఉంటున్నాడు. గుండె బలహీనపడింది. ఈ ఒక్క ప్రయాణానికి డాక్టరు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. సన్మానం ఇవాళ జరగకపోతే ఇక జరగదు.

ఐదో ఇన్నింగ్స్ అయింది. వెండెల్ గొంతు సవరించుకుని "ప్రేక్షకులకు మనవి" అన్నాడు. మైకు పలకలేదు. తిరిగి చూస్తే క్లబ్బు వ్యవహారాలు చూసే డార్లా ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటిది డార్లా?"

ఆమె గడ్డంతో స్కోరుబోర్డు చూపించింది. ఎదుటి జట్టు హిట్ల గడిలో సున్నా ఉంది. కొంగల తరఫున ఇవాళ బంతి వేస్తున్నవాడు యెఫ్రీ అనే డొమినికన్ కుర్రాడు. బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. తోటివాళ్ళంతా అంటు తగులుతుందన్నట్టు ఆ చివరికి జరిగిపోయారు.

వెండెల్‌కి సంగతి అర్థమైంది. అది సాగుతున్నంతసేపూ దాని పేరెత్తకూడదు. ఎత్తితే దిష్టి కొట్టి చెడిపోతుంది. ఆ కట్టుబాటు ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, అందుకే దాన్ని ఎవరూ మీరరు. వెండెల్ చేతిలోని కాగితంలో ఆ మాట వాక్యానికొకసారి ఉంది.

"ఆ ముక్క ఎగరగొట్టి చదవనా?"

"ఎగరగొడితే ఏం మిగులుద్ది?"

వెండెల్ కాగితం చూసుకున్నాడు. "వరద."

"వరదకి సన్మానం చేద్దామా? కూర్చో. వాళ్ళు ఒకటి కొట్టగానే చదువుదువుగాని" అని డార్లా నాలిక కరుచుకుంది.

ఆరో ఇన్నింగ్స్ గడిచింది. కొట్టలేదు. కుర్రాడు ఆఖరిదాకా బాగా వేస్తే పెద్దాయన గొప్ప పాతబడి సన్మానం పోతుంది. పెద్దాయన సన్మానం జరగాలంటే కుర్రాడు చెడాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వెండెల్‌కి ఎవరి పక్షాన దణ్ణం పెట్టుకోవాలో తెలియలేదు.

లొరెటా పైనున్న మైకు గదికి మెట్లెక్కి వచ్చింది. ఆమెకు బేస్‌బాల్ అంటే చిన్నప్పటి నుంచీ పడదు. "మా నాన్న ఎండలో కూర్చున్నాడు. ఎప్పుడు పిలుస్తారు?"

"కొంచెం ఆలస్యమవుద్దమ్మా" అంది డార్లా.

"ఎందుకు?"

"అది చెప్పకూడదు."

"చెప్పకూడదా? ఏం, ఆయన కన్నా గొప్పవాడు దొరికాడా మీకు?"

వెండెల్, డార్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపే కొంప ముంచింది. లొరెటా పెదాలు బిగించి దిగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాయి ఇద్దరికీ విసనకర్రలు. సన్మానం ఖర్చు ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే కంపెనీవారిది. వాళ్ళు గేటు దగ్గర మనిషికొక అట్ట విసనకర్ర పంచారు. దాని మీద ఆర్విల్ పడుచు నాటి ఫోటో, కింద ఎర్రటి అక్షరాల్లో ఆ మాట. ఎండ మండిపోతోంది. స్టేడియమంతా ఆ మాటను యెఫ్రీ మొహానికేసి ఊపుతోంది.

"పిల్చుకురా మనవాళ్ళని. అన్నీ లాగేయమను" అంది డార్లా.

గేటు మనుషులు వరసల్లోకి దూరి విసనకర్రలు లాక్కోవడం మొదలుపెట్టారు. "ఊరికే ఇచ్చింది కూడా లాక్కుంటారా?" అని ఒకాయన దెబ్బలాటకు దిగాడు. ఎందుకో చెప్పడానికి వీల్లేక గేటు మనిషి కళ్ళతో బోర్డు చూపించాడు. ఆయన చూశాడు, మొహం పాలిపోయింది, గబుక్కున విసనకర్రను కిందేసి దాని మీద కూర్చున్నాడు. పక్కవాడు చూసి తనూ కూర్చున్నాడు. గడ్డికి నిప్పంటుకున్నట్టు ఆ తెలివి వరసలన్నీ పాకింది. ఏడో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఊరు ఊరంతా ఆర్విల్ టెస్కీ మొహం మీద కూర్చుని ఉంది.

లొరెటా ఈసారి మెట్లు రెండేసి ఎక్కింది. "మా నాన్న మొహాన్ని పీటేసుకున్నారా? అయిదు గంటలు కారు నడుపుకొచ్చింది ఇందుకా? అసలు ఆయన చేసిన తప్పేంటి?"

"తప్పేం లేదమ్మా" అన్నాడు వెండెల్.

"మరి ఏంటో చెప్పండి."

వెండెల్ నోరు తెరిచాడు. డార్లా అతని కాలు తొక్కింది. నోరు మూశాడు.

"ఆయన్ని తీసుకుపోతున్నా" అంది లొరెటా.

వెండెల్ చొక్కా చట్రాన్ని చంకన పెట్టుకుని ఆమె వెనకే కుంటుకుంటూ దిగాడు. ఆర్విల్ ముందు వంగి, ఏమీ అనకుండా బోర్డు వైపు కళ్ళు తిప్పాడు.

"నాకు కళ్ళు లేవనుకున్నావా?" అన్నాడు ఆర్విల్. "మూడో ఇన్నింగ్స్ నుంచీ ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నా. నువ్వు ఆ మైకు ముట్టుకున్నావో, ఆ చట్రం పెట్టి నెత్తి పగలగొడతా."

"నాన్నా, వెళ్దాం పద. వీళ్ళకి నువ్వు అక్కర్లేదు."

"నోరుమూసుకుని కూర్చో తల్లీ. కదిల్తే చెడుద్ది."

లొరెటా కూర్చుంది. అప్పుడు చూశాడు వెండెల్: పెద్దాయన కింద కూడా ఒక విసనకర్ర అంచు కనిపిస్తోంది.

"అది ఇవాళ అయిపోతే," అన్నాడు వెండెల్ మెల్లగా, "చరిత్రలో మీ పేరు..."

"వెనక్కి పోద్ది. పోనీ. ఎన్నాళ్ళని నేనొక్కణ్ణే ఆ గుమ్మంలో నిలబడేది?"

ఎనిమిదో ఇన్నింగ్స్. యెఫ్రీ ఒకణ్ణి ఔట్ చేశాడు. జనం చప్పట్లు కొట్టడానికి కూడా జంకుతున్నారు. ఆ నిశ్శబ్దంలో కొంగల శిక్షకుడు ఎస్పినోసా చెవి దగ్గర ఫోన్ పెట్టుకోవడం అందరికీ కనిపించింది. చాలాసేపు విన్నాడు. తర్వాత బరువుగా నడుచుకుంటూ మైదానం మధ్యకు వెళ్ళి యెఫ్రీ ముందు చెయ్యి చాచాడు. కుర్రాడి భుజం అరిగిపోకుండా వాడికి కట్టిన బంతుల లెక్క పూర్తయింది. దించేయమని పెద్ద క్లబ్బువారి ఆజ్ఞ. దూడ వాళ్ళది.

యెఫ్రీ బంతిని కాసేపు వదల్లేదు. తర్వాత ఎస్పినోసా అరచేతిలో పెట్టి తల దించుకుని వచ్చేశాడు. అతని స్థానంలో వచ్చినవాడు వేసిన తొలి బంతినే ఎదుటివాడు కంచె దాకా కొట్టాడు.

స్టేడియం అంతటా ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడైంది. డార్లా పైనుంచి చేత్తో మైకు సైగ చేసింది. ఇక ఏ మాటయినా అనొచ్చు.

ఇన్నింగ్స్ కాగానే ఆర్విల్‌ని మైదానం మధ్యకు తోసుకెళ్ళారు. వెండెల్ చేతిమైకులో చరిత్ర చదవబోతే ఆర్విల్ ఆ మైకు లాక్కున్నాడు. "ఆ కుర్రాణ్ణి పిలవండి" అన్నాడు. యెఫ్రీ వచ్చి, టోపీ తీసి, ఏడ్చిన కళ్ళతో నిలబడ్డాడు.

"అందరూ నన్ను దురదృష్టవంతుడన్నారు. నేనూ అదే అనుకుని బతికా," అన్నాడు ఆర్విల్. "నాకు ఎవడూ ఫోన్ చెయ్యలేదు. ఆఖరి బంతి దాకా నా చేతిలోనే ఉంచారు. చెడింది, నా చేతిలోనే చెడింది. వీడికి చెడగొట్టుకునే అదృష్టం కూడా ఇవ్వలేదు." చట్రంలోని చొక్కాను కుర్రాడి చేతుల్లో పెట్టాడు. "నువ్వు ఉంచుకో నాయనా. నాకు పట్టదిప్పుడు."

లొరెటా కళ్ళు తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే అందరి కన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది.

ఫోన్ సంగతి డాల్టన్ ఫెర్రీలో అందరికీ తెలుసు. అయినా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆ మాట పైకి అన్నదెవరని ఊళ్ళో ఇంకా విచారణ జరుగుతూనే ఉంది.