మీ మాట వినడానికి మా అమ్మాయి వస్తుంది

డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్లలు మీ ఇంటి తలుపు తడితే దయచేసి విసుక్కోకండి. వాళ్లు మీ పాలిట దేవతలు!

నాకూ తెలుసు, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వేళకే వస్తారు. మెడలో గుర్తింపు కార్డు సర్దుకుని, "అంకుల్, మానవ సంబంధాల మీద రీసెర్చి చేస్తున్నాం, కొంచెం టైమిస్తారా" అంటారు. ఆ కొంచెం ఎంతో వాళ్లకూ తెలీదు. మీ ఆవిడతో చివరిసారి ఎందుకు పోట్లాడారు, అన్నదమ్ములతో మాటలున్నాయా, ఇంట్లో మీ మాట ఎవరు వింటారు అని ఒకటే ప్రశ్నలు. చుట్టుపక్కలవాళ్లంతా దీన్ని బెడద అంటున్నారు. నేను వరం అంటాను.

గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఈ మధ్య మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా ఏదైనా అడిగారా? "చార్జర్ ఎక్కడ" అన్నది కాకుండా?

ఈ పిల్లలకు వినడంలో ట్రైనింగ్ ఇస్తారండీ! వాళ్ల మేడమ్ గారు ఇళ్లలో ఎవరి మాట ఎవరు వింటారో తేల్చాలని పెద్ద రీసెర్చి తలపెట్టారు. పెద్ద రీసెర్చి అంటే మేడమ్ గారు గది దాటకుండా, డిగ్రీ పిల్లలు ఊరంతా తిరిగి చేసేదని అర్థం. ఎదుటి మనిషి చెబుతుంటే అడ్డురాకూడదు. సలహా ఇవ్వకూడదు. ఫోన్ వంక చూడకూడదు. తల ఊపాలి గానీ మరీ ఊపకూడదు. చెప్పేవాళ్లు ఆగితే తామూ ఆగాలి. ఎంతకీ మళ్లీ మొదలుపెట్టకపోతే మెల్లగా "తర్వాత?" అనాలి.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? మా అమ్మాయి కూడా ఆ దండులో మనిషే. కొన్నాళ్లపాటు అద్దం ముందు నిలబడి తల ఊపడం ప్రాక్టీసు చేసింది. ఓ రోజు అటుగా వెళ్తున్న నేను, ఆ ఊపు నా కోసమే అనుకుని మా ఆఫీసు లిఫ్టు మధ్యలో ఆగిపోయిన సంగతి మొదలుపెట్టాను. "నాన్నా, ప్రాక్టీసులో ఉన్నా, డిస్టర్బ్ చెయ్యకు" అంది. పని మీద అంత శ్రద్ధ ఉన్నందుకు తండ్రిగా గర్వపడి పక్కకు తప్పుకున్నాను.

ఫలితాలు చూస్తే మీకే తెలుస్తుంది. మా కింది వాటాలో ఉండే టైలర్‌కు బావమరిది మీద చాలాకాలంగా ఓ ఫిర్యాదు ఉంది. బట్టలు కత్తిరించే కత్తెరతో ఆ మహానుభావుడు అట్టపెట్టె కోశాడట. ఈ కథ విని విని వాళ్లావిడకు విసుగెత్తిపోయింది. "క" అనగానే లేచి వెళ్లిపోతుంది. ఒక డిగ్రీ కుర్రాడు వచ్చి కథంతా విని, చివర్లో "తర్వాత?" అన్నాడు. టైలర్ కళ్లలో నీళ్లు! తర్వాతంటూ ఏమీ లేదు మరి, అయినా ఇన్నేళ్లలో అలా అడిగిన నాథుడేడీ? ఆ రోజు నుంచి ఆయన బీపీ దిగొచ్చింది. మందుల షాపాయన ఒక్కడే దిగులుగా ఉన్నాడు.

పై అంతస్తు బామ్మగారైతే వచ్చిన ప్రతి విద్యార్థికీ కళ్లజోడు మార్చుకుని మరీ ఇంటర్వ్యూ ఇచ్చింది. పోయిన ఆయన వెన్నలాంటి మనిషని ఒకరితో చెప్పింది. నిప్పులు కక్కేవాడని ఇంకొకరితో చెప్పింది. ఆయన గురించి తనకు పెద్దగా గుర్తు లేదని మూడోవాళ్లతో అంది. భర్తను పోగొట్టుకున్న స్త్రీలు మూడు రకాలని మేడమ్ గారు చార్టు గీసి, సెమినార్‌లో చప్పట్లు కొట్టించుకున్నారట.

"మూడూ నిజమే నాయనా, రోజును బట్టి" అని బామ్మగారు నా దగ్గర ఒప్పుకుంది. చదువుల తల్లికి ఇంతకన్నా సేవ ఎవరు చేయగలరు?

ఇక మా ఇంటి సంగతికొస్తాను. ఈ వయసులో నేను ఈత నేర్చుకున్నాను. నవ్వకండి. మా ఆఫీసు దగ్గరున్న ఈతకొలనులో చేరాను. నా బ్యాచ్‌లో మిగతావాళ్లంతా నా నడుము దాకా వస్తారు, నన్ను తాతా అంటారు. నెలల తరబడి నీళ్లు మింగాక, ఒక మధ్యాహ్నం ఆ గట్టు వదిలి ఈ గట్టు పట్టుకున్నాను. మధ్యలో నన్నెవరూ పట్టుకోలేదు! ఒంటి మీద నీళ్లు కారుతుండగానే మా అమ్మాయికి ఫోన్ చేశాను. కట్ చేసింది. "ఇంటర్వ్యూలో ఉన్నా" అని మెసేజ్ పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి వాళ్లమ్మతో ఒకటే మురిసిపోవడం.

"ఇవాళ ఒక అంకుల్ బాల్కనీలో మొక్కల గురించి ఎంత బాగా చెప్పారోనమ్మా. పాపం, ఆయన మాట ఇంట్లో ఎవరూ వినరట."

పాపం! ఆ అంకుల్ మీద నాకు ఎంత జాలి కలిగిందంటే, ఆయన మొక్కలన్నీ నిలువునా ఎండిపోతే బాగుండనిపించింది. ఈత కబురు చెప్పబోయి నోరు తెరిచేసరికి అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది. అప్పటి నుంచి నాకు ఒకటే కోరిక. ఆ కబురు నేను చెప్పాలి, మా అమ్మాయి "తర్వాత?" అనాలి.

ఆలోచించి మేడమ్ గారికే ఫోన్ చేశాను. నన్ను ఇంటర్వ్యూ చెయ్యడానికి మా అమ్మాయినే మా ఇంటికి పంపమని బతిమాలాను.

"కుదరదండీ. సొంతవాళ్లయితే సరిగ్గా వినరు. డేటా పాడవుతుంది" అన్నారావిడ.

సైన్సంటే అదీ! నేను ఇంట్లో ఇన్నాళ్లు పడి పడి కనిపెట్టిన సత్యాన్ని వాళ్లు ముందే రూలుగా రాసి పెట్టుకున్నారు.

కావాలంటే వేరే అమ్మాయిని పంపుతామన్నారు. రింగుల జుట్టు అమ్మాయి ఒకతె వచ్చి, బల్ల మీద చిన్న రికార్డరు పెట్టి, ఈ మధ్య నాకు బాగా సంతోషం కలిగించిన విషయం చెప్పమంది. చెప్పాను. గట్టు వదలడం, కాళ్లకు నేల అందకపోవడం, అవతల గట్టు చేతికి తగలడం, అన్నీ చెప్పాను. ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని వింది. మా ఆవిడ మాత్రం వంటగదిలోంచి, "తడి తువ్వాలు మంచం మీద పడేస్తున్నప్పుడే అనుకున్నా" అంది.

"ఈ సంగతి మొట్టమొదట ఎవరికి చెప్పారంకుల్?"

"నీకేనమ్మా. మా అమ్మాయికి చెబుదామనుకున్నా, కుదర్లేదు."

నేను ఆగాను. రూలు ప్రకారం తనూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో తన బ్యాగులో ఫోన్ మోగింది. తీసి చూసి కట్ చేసింది.

"మా నాన్నలెండి. ఏమీ ఉండదు, ఊరికే చేస్తుంటారు."

ఆ నాన్న ఏ గట్టు దాటాడో పాపం, అనుకున్నాను.

రికార్డు చేసినవాటిని విని టైపు కొట్టే చాకిరీ కూడా ఈ పిల్లలదే. కాకపోతే ఎవరి ఇంటర్వ్యూ వాళ్లు కొట్టకూడదు, ఒకరిది ఒకరికి మార్చి ఇస్తారు. పేర్లుండవు, నంబర్లే. తెలిసిన గొంతు వినబడితే వెంటనే ఆపేసి వెనక్కి ఇచ్చెయ్యాలి. ఇది ఇంకో రూలు.

మొన్న సాయంత్రం మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర ఇయర్‌ఫోన్లు పెట్టుకుని టైపు కొడుతోంది. ఇదే అదనని ఎదురుగా కూర్చుని, "ఒక సంగతమ్మా" అన్నాను. తలెత్తకుండానే అరచెయ్యి చూపించింది.

"ఆగు నాన్నా, ఈయన ఏదో చెబుతున్నాడు."

ఆగాను. ఆగడం నాకు అలవాటే.

కాసేపటికి తన వేళ్లు టైపు కొట్టడం మానేశాయి. నా వంక ఒకసారి చూసింది. రూలు ప్రకారం అక్కడితో ఆపెయ్యాలి. ఆపలేదు. చెయ్యి అలా గాల్లోనే ఉంచి వింటూ, ఒకచోట ఫక్కున నవ్వింది. అది నేను నీళ్లు మింగిన చోటు అయ్యుంటుంది. చివరికి ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఎక్కడికొచ్చిందో నాకు తెలిసిపోయింది.

ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేసింది ఇందుకా నాన్నా?"

"ఆఁ."

నేను ఆగాను. తనూ ఆగింది. అప్పుడు మెల్లగా "తర్వాత?" అంది.

అంతే, ట్రైనింగ్ అంతా అక్కడితో సరి! నేను గట్టు వదిలానో లేదో అడ్డొచ్చేసింది. లోతెంత అంది. పక్కన కోచ్ ఉన్నాడా లేడా అంది. ఇంట్లో చెప్పకుండా నీళ్లలో ఎందుకు దిగావని కేకలేసింది. కాళ్లు ఎలా ఆడించాలో కుర్చీలో కూర్చుని చేసి చూపించింది, తనకు ఈత రాకపోయినా సరే. వాళ్లమ్మను పిలిచి, "చూడమ్మా ఈయన చేసిన పని" అని నా కథ నాకే అప్పజెప్పింది. ఒక్క వాక్యం పూర్తి చెయ్యనిస్తే ఒట్టు. నా మాట ఇంత ఘోరంగా విన్నవాళ్లు ఈ భూప్రపంచంలో లేరు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కాబట్టి మేడమ్ గారికి సవినయ మనవి. మీ రీసెర్చిలో ఒక రికార్డింగు పాడైపోయింది. తెలిసిన గొంతని తెలిసీ చివరిదాకా వినడం మా అమ్మాయి తప్పే. దాన్ని లెక్కలోంచి తీసెయ్యండి, మాకేమీ అభ్యంతరం లేదు. ఇంకొక్క సాయం. ఎవరైనా వెళ్లి ఆ రింగుల జుట్టు అమ్మాయి వాళ్ల నాన్నను ఇంటర్వ్యూ చేస్తే, టైపు కొట్టడానికి దాన్ని ఆ అమ్మాయికే ఇవ్వండి. పొరపాటున ఇచ్చినట్టు ఇవ్వండి, చాలు.