ఎర్ర డ్రమ్ము, పచ్చ డ్రమ్ము

ఎండ ముదరకముందే జిల్లా ఆఫీసరును పడవెక్కించి జలాశయం చివరిదాకా తిప్పి తీసుకురావాలి. ఆ పొద్దున శ్రీరంగప్ప అనుకున్నది అంతే. ఆయన తలూపితే పడవ నడిపే ఉద్యోగం నిలబడుతుంది. మూడేళ్లుగా వానల్లేక సోమందేపల్లె పక్క వేరుశనగ మొత్తం మాడిపోయింది. ఊళ్లో నెల జీతమొచ్చే మనిషి అతనొక్కడే.

కోస్తాలో శిక్షణకు పోయినప్పుడు అతను ఒక సంగతి బాగా నేర్చుకున్నాడు. పడవ రేవు లోపలికి పోయేటప్పుడు నీళ్లమీది ఎర్ర గుర్తు ఎడమకు, పచ్చ గుర్తు కుడికి ఉండాలి. లోతు ఆ రెండింటి మధ్యే. తిరిగొచ్చాక పాత డ్రమ్ములకు రంగులేసి, బరువుకు రాళ్లు కట్టి, అడుగున బండలు లేని దారి వెంట రెండు వరుసలుగా నీళ్లలో తేలేశాడు.

ముందురోజు ఊరి రైతు బాలప్ప గట్టు మీద నిలబడి అడిగాడు.

"ఏమప్పా, ఈ డ్రమ్ములేంది?"

"నడమ ఉండేదంతా సర్కారు పడవకు బాలప్పా. ఎవురూ అడ్డం రాకూడదు."

బాలప్ప చెవికి 'సర్కారు' దాకానే ఎక్కింది. నీళ్లు వెనక్కి పోయిన బురదలో ఊరంతా దోసతీగలు పెట్టుకుని ఉంది. ఆ ఏడు చేతికందే పంట అదొక్కటే. డ్రమ్ముల నడుమ నేల సర్కారు లాక్కుంటుందట అన్న మాట సాయంత్రానికి ఇంటింటికీ పాకింది. నడుంలోతు నీళ్లలో దిగి, ఎవరి మడి పక్కనున్న డ్రమ్మును వాళ్లు ఎదుటివాడి మడి వైపు లాగేశారు.

తెల్లారి పడవ కదిలాక వరుస వంకరగా కనిపించింది. కానీ కంటికి తోచినట్టు కాదు, గుర్తు చూపినట్టే పోవాలని శిక్షణలో గట్టిగా చెప్పి పంపారు. శ్రీరంగప్ప అలాగే పోయాడు. పడవ బాలప్ప దోసమడిలోకి ఎక్కి కూరుకుపోయింది.

"యాడికి తోలుతాండావప్పా? నా పంట!" బాలప్ప పరిగెత్తుకొచ్చాడు.

"ఈ డ్రమ్ము ఎవురు జరిపినారు?"

"ఇంకెవురు, నీ పెండ్లామే! రామక్కే ఈడికి లాగింది!"

గట్టు మీద రామక్క తల దించుకుంది. "పిల్లోళ్ల నోటికాడ కూడు పోతాదని లాగినా. అవి ఎందుకు కట్టినావో నాకన్నా చెప్పినావా?"

శ్రీరంగప్ప ఆఫీసరు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "తప్పు నాదే సార్. నేనే సరిగ్గా కట్టలే."

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు. ఆఫీసరు అతని వైపు చూడనే లేదు. తీగల వైపు చూస్తున్నాడు.

"జలాశయంలో సాగు చేస్తున్నారా? ఎవరిచ్చారు అనుమతి?"



ఆ వారంలోనే సర్వేవాళ్లు దిగారు. డ్రమ్ముల నడుమ నేలే కాదు, వాటికి అటూ ఇటూ ఉన్నదంతా సర్కారుదేనని తేల్చి, పిందెలతో సహా తీగలు పీకించారు. బాలప్ప అటు తిరిగి కూర్చున్నాడు. రామక్క రెండు రోజులు పొయ్యి ముట్టించలేదు.

శ్రీరంగప్పను మాత్రం తీసేయలేదు. నీళ్లన్నీ ఇంకిపోయాక, పడవ ఎటూ పోకుండా కాపలా ఉండమన్నారు.