సలాం నేర్చిన మిషన్

ఎనభై ఆరులో, ములుగు రోడ్డు మీది ఓ బీరువాల ఫ్యాక్టరీలో రంగులు కొట్టే ఇమాం పాషా ఆ పొద్దున అనుకున్నది చాలా చిన్న సంగతి. మధ్యాహ్నంలోగా మూడు బీరువాలకు ఆకుపచ్చ కొట్టి, షెడ్డు వెనక ఓ కునుకు తీయాలి. తీరా వెళ్లి చూస్తే అతని జాగాలో ఒంటిచేతి మరమనిషి రంగు గన్ను పట్టుకొని నిలబడి ఉంది.

"దీని చెయ్యి పట్టుకొని ఒక్క బీరువాకు రంగు కొట్టు. నువ్వు ఎట్ల కదిలిస్తే అట్ల యాదికి పెట్టుకుంటది. మధ్యల చెయ్యి మాత్రం ఇడువకు," అన్నాడు పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు మల్లికార్జున్.

"అది నేర్చుకున్నంక నేనేం జెయ్యాలె సార్?"

ఇంజనీరు తన బూట్లు చూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల కొలువు ఈ పూటతో గోవిందా అని పాషాకు తెలిసిపోయింది.

ఆ ఫ్యాక్టరీకి ఓ రివాజు ఉంది. యజమాని రాజేశ్వర్ రావు దొర కనబడితే చేతిలో ఏమున్నా సరే సలాం పడాలి. పడకపోతే ఆయనకు అన్నం సహించదు, కొట్టనివాడికి మర్నాడు కొలువుండదు. మరమనిషి చదువు చూడాలని దొర మూడుసార్లు గుమ్మం దాకా వచ్చాడు. చెయ్యి వదలకూడదు, సలాం మానకూడదు. పాషా మిషన్ చేత్తోనే మూడు సలాములు కొట్టాడు. చివరి రెండింటికి గాభరాలో రంగు ఆపడం మరిచాడు. దొర దూరంగా ఉన్నాడు కాబట్టి ఆ రంగు గాలికి పోయింది.

మర్నాడు ఊరి పెద్దలను పిలిచి, కొబ్బరికాయ కొట్టి, మీట నొక్కారు. మిషన్ కాసేపు రంగు కొట్టి, తిరిగి, చెయ్యెత్తి సలాం పెట్టింది.

"సూసిన్రా? ఇనుముకు సుత మనమంటే మర్యాద," అంటూ దొర పొంగిపోయి దగ్గరికి జరిగాడు. రెండో సలాం ఆయన మీసాన్నీ మెడలో దండనూ ఆకుపచ్చ చేసింది. మూడోది పెద్దలందరికీ సమంగా అందింది.

"వీడు కావాల్నని చేసిండు," అని దొర పాషా మీద అరిచాడు.

"లేదు దొరా. సలాం కొట్టకుంటే మీకు కోపం, చెయ్యి ఇడిస్తే ఇంజనీరు సాబుకు కోపం. నేనేడికి పోవాలె?"

"మళ్ల నేర్పిద్దాం సార్. మీరు జర అటుదిక్కు రావొద్దు," అన్నాడు మల్లికార్జున్.

"నా షెడ్డుకు నేను రావొద్దా?"

ఆకుపచ్చ మొహం కోపంతో ఎర్రబడితే ఏ రంగు వస్తుందో అక్కడ పాషా ఒక్కడికే తెలుసు.

నాలుగుసార్లు నేర్పించారు. నాలుగుసార్లూ దొర కాలు నిలవక వచ్చాడు, నాలుగుసార్లూ మిషన్ సలాం నేర్చుకుంది. ఇంజనీరు ఓ దండం పెట్టి రైలెక్కాడు.

రంగు గన్ను మళ్లీ పాషా చేతికొచ్చింది. మిషన్‌ను గేటు దగ్గర నిలబెట్టారు. దొర కారు రాగానే వాచ్‌మన్ మీట నొక్కుతాడు. ఆ సలాం మరిగాక మనుషుల సలాముల జోలికి దొర రావడం లేదు.

మిషన్లు మనుషుల పని లాక్కుంటాయన్న మాట ఉత్తదేం కాదు, ఆ ఫ్యాక్టరీలో సలాం కొట్టే పని పూర్తిగా పోయింది.